ఓడ రోజు గేటు దగ్గర ఎవరూ లేరు

పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఒడ్డున ఉన్న మిన్నీ బే నుంచి భవాని వచ్చిన సాయంత్రం నేను పెరట్లో ఆరేసిన బట్టలు వానకు తడవకుండా లోపలికి తెచ్చుకుంటున్నాను. వాళ్లమ్మ దగ్గర ఏళ్ల తరబడి చేపలు కొంటున్నాను కాబట్టి ఆ పిల్ల నన్ను అత్తా అంటుంది. ఒక సెక్యూరిటీ కంపెనీలో గార్డుగా చేరి, రెండేళ్లుగా ఊళ్లో ఒక పెద్ద ఆఫీసరు ఇంటి గేటు దగ్గర డ్యూటీ చేస్తోంది. మూడు రోజుల క్రితం పొద్దున్నే ఎవడో ఆ గేటు తీసుకుని లోపలికి నడిచి వెళ్లాడు. హాల్లో అద్దాలు పగలగొట్టాడు. అడ్డం వచ్చిన ఆఫీసరును పూలకుండీతో కొడితే ఆయన చెయ్యి విరిగింది. ఆ వార్త నేనూ చదివాను. గార్డు డ్యూటీలో లేకపోవడమే కారణమన్నది అందులో చివరి వాక్యం. ఆ గార్డు మా భవాని అని ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడే వరకు నాకు తెలియదు.

"ఆ వేళకు ఎక్కడున్నావే?" అని అడిగాను.

"వండూర్‌లో అత్తా. మేడమ్ గెస్టులొచ్చారు మెయిన్‌ల్యాండ్ నుంచి. సముద్రం పార్కు బోటు ఎక్కుతారంట. యూనిఫామ్‌లో ఉన్నోళ్లు నిలబడితే లైన్ జల్దీ కదుల్తాది, నువ్వెళ్లి టికెట్ తీసి ఉంచు అని ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. పొద్దున్నే మొదటి బస్సుకి పోయాను."

"ఆ మెసేజ్ ఉందా?"

"డిలీట్ చేసేసింది. అదే రోజు మధ్యాహ్నం. నా ఫోన్‌లో కూడా పోయింది."

సూపర్‌వైజర్ ఇచ్చిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. కింద ఆమె సంతకానికి గీత గీసి వదిలారు. సొంత పని మీద, అనుమతి లేకుండా, డ్యూటీ స్థలం వదిలి వెళ్లానని ఒప్పుకుంటున్నాను అని దాని సారాంశం. నేను తెలుగులో చెబితే ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి నవ్వింది.

"సొంత పనా? వండూర్‌లో నాకేం సొంత పని అత్తా, సముద్రం చూడ్డానికి పోయానా? మా వాకిట్లోనే ఉంది సముద్రం. చీపురు పట్టుకుంటే కాళ్లకి తగుల్తాది."

సంతకం చేస్తే రెండు నెలల్లో ఇంకో చోట వేస్తామని, చేయకపోతే ఊళ్లో ఏ కంపెనీలోనూ పని దొరకదని సూపర్‌వైజర్ చెప్పాడట. ఎల్లుండి వరకు గడువు. "నువ్వు పేపర్‌లో పని చేసిందానివి గదా. సైన్ చెయ్యనా, వద్దా?" అని అడిగింది. రేపు రమ్మన్నాను. ఆమె వెళ్లాక ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ వాక్యం నాకు కొత్తది కాదు. పదకొండేళ్ల వయసులో, ఇంగ్లీషు ఒక్క ముక్క రాని రోజుల్లో, అది మా ఇంట్లోకి వచ్చింది. మా ఇల్లు పోయింది దానివల్లే.

మా నాన్న పోలయ్య శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాడు. పడవలో పుట్టి పెరిగినవాడికి ఓడ పడలేదు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా వాంతులు చేసుకుంటూ వచ్చి, ఇక నీళ్ల మీద పని చెయ్యనని ఒట్టు పెట్టుకున్నానని నవ్వుతూ చెప్పేవాడు. ఊరికి ఇప్పుడు కొత్త పేరు పెట్టారు గాని మా నోటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే. ఆయనకు చౌకీదార్ పని దొరికింది. ఓడ టికెట్ల మీద ఆఖరి సంతకం పెట్టే ఆఫీసరు ఒకాయన ఉండేవాడు. గుట్ట మీద, దుంగల మీద నిలబెట్టిన కర్ర బంగళా ఆయనది. గేటు దగ్గర మా నాన్న. వెనకాల ఒక గది, ఒక వంట పంచ, అది మా క్వార్టరు. బంగళా నేలకూ భూమికీ మధ్య మనిషి వంగి నడిచేంత ఖాళీ ఉండేది. కొబ్బరికాయలు, కట్టెలు, తుప్పు పట్టిన కుర్చీలు అక్కడే పడేసేవారు. వానాకాలమంతా నా చదువు, నా ఆటలు ఆ నేల కిందే. ఏడాదిలో సగానికి పైగా వానే కాబట్టి నా బాల్యంలో సగం అక్కడే గడిచిందని చెప్పుకోవచ్చు.

నాన్న ఖాకీ చొక్కా మా ఇంట్లో దేవుడి పటంతో సమానం. అమ్మ, అంటే మా నూకరత్నం, దాన్ని అన్నం వార్చిన గంజిలో ముంచి, వానకు ఆరక పొయ్యి మీద వెదురు కట్టి ఆరబెట్టేది. ఒకసారి మేంసాబ్, "పోలయ్యా, నీ చొక్కా నుంచి చేపల వాసన వస్తోంది" అన్నదట. ఆ రోజు నుంచి పులుసు ఉడుకుతున్నంతసేపూ అమ్మ ఆ చొక్కాను చూరు కింద రెండు చేతులా పట్టుకుని నిలబడేది. తర్వాత కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు ఇస్త్రీపెట్టెలో పోసేది. ఆ చిప్పల పొగ, గంజి, తడి బట్ట కలిసిన వాసనే నా లెక్కలో నాన్న వాసన. ఇత్తడి విజిల్‌ను ఆయనే చింతపండుతో తోమేవాడు. తోమాక ఒకసారి నెమ్మదిగా ఊది చూసేవాడు. ఆ విజిల్, ఒక లాఠీ, ఒక టార్చి. ఇన్ని దీవుల్లో ఎవరు ఓడ ఎక్కాలో, ఎవరు ఒడ్డున ఉండిపోవాలో నిర్ణయించే మనిషికి సర్కారు ఇచ్చిన రక్షణ మొత్తం అదే.

ఆ మాత్రం రక్షణైనా గేటు దగ్గర ఉండేదా అంటే ఉండేది కాదు. పొద్దున్న గేటు తాళం తీశాక నాన్న కొళాయి దగ్గర నీళ్లు పట్టాలి. కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది, వచ్చిన రోజున డ్రమ్ములన్నీ నింపాలి. పిల్లల్ని బడిలో దింపాలి. కుక్కను తిప్పాలి. మాంసం కొట్టు దగ్గర నిలబడాలి. సాబ్ బూట్లు మోచీ దగ్గరికి తీసుకెళ్లాలి. మేంసాబ్ స్నేహితురాలి ఇంటికి గిన్నె తీసుకెళ్లి, ఇంకో గిన్నె తీసుకురావాలి. కాపలా అన్నది ఈ పనుల మధ్య ఖాళీ దొరికితే చేసే పని. గుట్ట మీద ఉన్న బంగళాలన్నిట్లోనూ ఇదే తంతు. ఇది తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు. నాన్నకూ తోచలేదు. సాబ్ ఇంటివాళ్లు తనను నమ్మి పనులు చెబుతున్నారని ఆయనకు కాస్త గర్వంగానే ఉండేది. నాకు ఇప్పుడు కోపం తెప్పించే విషయాల్లో ఆ గర్వం ఒకటి.

అన్నిటికన్నా పెద్ద తంతు ఓడ రోజు. నెలకోసారి, ఒక్కోసారి అంతకన్నా ఆలస్యంగా, విశాఖ నుంచి ఓడ వచ్చేది. రేవులోకి వస్తూ అది కూత పెట్టగానే ఊరు ఊరంతా జెట్టీ వైపు దిగిపోయేది. ఉత్తరాలు, చుట్టాలు, వంకాయలు, కరివేపాకు, సీజన్‌లో మామిడిపళ్లు, తడి గోనెలో చుట్టిన తమలపాకులు, అన్నీ ఆ ఓడలోనే రావాలి. జెట్టీ గేటు దగ్గర తోపులాట. మామూలు మనుషుల్ని ఆపేసేవారు గాని ఖాకీ వేసుకున్నవాడిని ఆపేవారు కాదు. అందుకని గుట్ట మీద ప్రతి మేంసాబ్ కావలసినవి చీటీ మీద రాసి, తన చౌకీదార్ చేతికి ఇచ్చి, బుట్టతో పంపేది. సరుకుతో పాటు చీటీ కూడా తిరిగి ఆమె చేతికే ఇవ్వాలి. ఏమేం వచ్చాయో, ఏమేం రాలేదో దాన్ని చూసుకుని సరిపోల్చుకోవాలి కదా. అంటే ఓడ కూసిన ప్రతి పొద్దునా గుట్ట మీద ఒక్క గేటుకూ కాపలా ఉండదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

మిల్లులో కర్ర కోసే అప్పారావు అనే మనిషి ఆ రోజుల్లో రోజూ గేటు దగ్గరికి వచ్చేవాడు. మా వైపు మనిషే. భార్యకు కడుపులో గడ్డ. ఇక్కడ కోయలేం, వెంటనే విశాఖ తీసుకెళ్లమని డాక్టర్లు రాసిచ్చారు. ఓడలో చోటు లేదు. రోగులకు విడిగా కేటాయించే బెర్తు కావాలంటే మా సాబ్ సంతకం కావాలి. నాన్నకూ అతనికీ మధ్య రోజూ ఒకటే మాట నడిచేది.

"ఆపీసుకెల్లు తమ్ముడూ. ఇంటికాడ సాబ్ ఎవుల్నీ కలవరు."

"ఆపీసులో ఇంటికాడ కలుసుకోమంటన్నారన్నా."

"ఆల్లట్టాగే అంటారు. మల్లీ ఎల్లు."

ఒక్కోసారి నాన్న అతనికి టీ ఇప్పించేవాడు. నేనే గ్లాసు తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. అప్పారావు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, బంగళా మెట్ల వైపు చూస్తూ తాగేవాడు. ఓడ వస్తుందన్న కబురు తెలిసిన ముందు రోజు సాయంత్రం కూడా అలాగే టీ ఇచ్చి నేను పక్కనే నిలబడ్డాను. వచ్చిన ఓడ మూడో రోజున తిరిగి వెళ్లిపోతుంది. అతనికి మిగిలింది అంతే గడువు.

నాన్న జాలిపడి చెప్పాడు. "రేపు రాకు తమ్ముడూ. రేపు ఓడొస్తాది, నాను గేటుకాడ ఉండను. వొట్టినే తిరిగి పోతావు. ఎల్లుండి రా, నానే నీ కాయితం లోపలికి అట్టుకెల్తాను."

"ఉండవా అన్నా?" అన్నాడు అప్పారావు.

"ఉండను. జెట్టీకి పోవాల."

అతను గ్లాసు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. మనిషి అనవసరంగా అంత దూరం నడవకూడదని చెప్పిన మాట అది. కాపలావాడు తాను కాపలాలో ఉండని రోజు ఏదో, రాకూడని మనిషికే చెప్పాడని పుస్తకాల్లో రాస్తారేమో. మా నాన్న మాత్రం సాటి మనిషి కాళ్లు నొప్పెట్టకూడదనుకున్నాడు.

మర్నాడు కూత వినపడగానే మేంసాబ్ చీటీ ఇచ్చింది, నాన్న బుట్ట తీసుకుని దిగిపోయాడు. బడికి సెలవు. నేను బంగళా నేల కింద కొబ్బరికాయలు వరసగా పేర్చుకుంటూ ఆడుకుంటున్నాను. అప్పారావు వచ్చాడు. గేటు గొళ్లెం తీసి, లోపలికి వచ్చాక మళ్లీ జాగ్రత్తగా వేశాడు. ఉతికిన చొక్కా, మెడ దాకా గుండీలు. చేతిలో కాగితం తప్ప ఏమీ లేదు. ఈ మాట నేను ఎవరితోనైనా ఒట్టేసి చెబుతాను. మెట్లెక్కాడు. ఆ తర్వాతదంతా నేను నా నెత్తి మీది చెక్కల్లోంచి విన్నాను.

"సాబ్, ఏక్ సైన్ సాబ్. మేరీ ఔరత్..."

"కిస్నే ఛోడా అందర్? ఆఫీస్ మే ఆవ్." లోపలికి ఎవరు వదిలారు, ఆఫీసుకు రా అన్నాడు సాబ్.

"మూడు వారాల్నించీ ఆపీసుకే పోతన్నాను సాబ్." హిందీ అయిపోయి అతనికి తెలుగు వచ్చేసింది.

కుర్చీ జరిగింది. కాగితం చించిన చప్పుడు విన్నానని చాలా ఏళ్లు అనుకున్నాను గాని అది నిజంగా విన్నానో, తర్వాత కల్పించుకున్నానో ఇప్పుడు చెప్పలేను. సాబ్‌కు పొద్దున్నే కొబ్బరి నీళ్లు తాగే అలవాటు. కాయ కొట్టే కత్తి ఎప్పుడూ వరండా రెయిలింగ్ మీదే ఉండేది. దాన్ని లోపల పెట్టాలని ఎవరికీ తోచలేదు. పైన బరువుగా ఏదో పడింది. సాబ్ "చౌకీదార్" అని అరిచాడు. మళ్లీ అరిచాడు. మూడోసారి గొంతు చాలా చిన్నదైపోయింది. ఆ చౌకీదార్ ఎక్కడున్నాడో పైనున్న ఇద్దరికీ తెలుసు, కింద ఉన్న నాకూ తెలుసు. బుట్టలో మామిడిపళ్లు ఏరుతున్నాడు.

సాబ్ బతికాడు. భుజం కండ తెగింది, ఆ చెయ్యి తర్వాత తల దాకా లేవలేదని విన్నాను. ఆయనను నేను తేలిగ్గా తీసెయ్యలేను. అన్నం తినే చెయ్యి పోగొట్టుకున్నాడు, అదీ సొంత ఇంట్లో, పిలిచినా ఎవరూ రాని చోట. అప్పారావు పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు. వాళ్ల ఆవిడ ఆ ఓడ ఎక్కలేదు. తర్వాత ఓడ వచ్చేసరికి ఆమెకు దాని అవసరం లేకపోయింది.

నాన్న బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి గేటు నిండా పోలీసులు. మేంసాబ్ ఆసుపత్రికి బయల్దేరి మెట్లు దిగుతోంది. నాన్న బుట్ట దించి, ఏం జరిగిందని ఎవరినో అడుగుతూనే, జేబులోంచి చీటీ తీసి ఆమెకు అందించాడు. అలవాటు. ఆమె కూడా అలవాటుగానే తీసుకుంది. తీసుకుని, ఒకసారి దాని వైపు చూసి, మడిచి సంచిలో పెట్టుకుని జీపెక్కింది. తనను జెట్టీకి పంపారని చెప్పగలిగిన ఒక్క కాగితాన్ని మా నాన్న తన చేత్తో అలా ఇచ్చేశాడు.

నాలుగో రోజున విచారణ పెట్టారు. బంగళా వరండాలోనే, కడిగిన చెక్కలు ఇంకా ఆరకముందే. విచారణకు వచ్చిన ఆఫీసరు మేంసాబ్‌ను కూర్చోబెట్టి అడిగాడు. చౌకీదార్ ఎక్కడికి పోయాడో తనకు తెలియదని ఆమె చెప్పింది. బుట్ట వంటింట్లో ఉంది. పళ్లు వాసనేస్తున్నాయి, నాకు నేల కిందికి కూడా వచ్చింది ఆ వాసన. విచారణాధికారి ముక్కుకు అది తగల్లేదనుకోవాలా? గుమాస్తా ఇంగ్లీషులో రాసి, హిందీలో చదివి వినిపించాడు. అనుమతి లేకుండా డ్యూటీ వదిలి వెళ్లాను. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా తనకు వచ్చిన ఆ కాస్త తెలుగులో సంతకం పెట్టాడు.

క్వార్టరులో అమ్మ ఆయన మీద విరుచుకుపడింది. "చీటీ ఇచ్చింది ఆవిడ గాదా? నోట్లో ఏటి పెట్టుకున్నావు? చెప్పవేటి?"

"ఏటని చెప్పీది?" నాన్న తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నానుండనని ఆడికి నానే చెప్పినానే రత్నం. నా నోటితో నానే చెప్పినాను."

"ఓడ కూత కూసి ఊరంతటికీ చెప్తాది నువ్వుండవని. నువ్వేటి కొత్తగా చెప్పీది?"

అమ్మ ఆ రోజు చెప్పిన దానికన్నా తెలివైన మాట ఆ విచారణలో ఇంకెవరూ అనలేదు, కాని అది పొయ్యి దగ్గరే ఉండిపోయింది. నాన్న తన నోటిమాట ఒక్కటే నేరమనుకున్నాడు. అందుకే మిగతావాళ్ల నేరాలన్నీ తన తలకు ఎత్తుకుని సంతకం పెట్టాడు. గేటు నెలనెలా ఖాళీ చేసినవాళ్లు, కత్తి రెయిలింగ్ మీద వదిలినవాళ్లు, రోగి భర్తను ఆఫీసుకూ ఇంటికీ మధ్య మూడు వారాలు తిప్పినవాళ్లు, ఎవరి పేరూ ఆ కాగితం మీదికి రాలేదు.

వారంలో క్వార్టరు ఖాళీ చేయించారు. ఊళ్లోనే గోల్ ఘర్ పేటలో మా వైపు వ్యాపారి ఒకాయన తన కొట్టు వెనక గది ఇచ్చాడు. నాన్న ఆ కొట్లో బస్తాలు మోశాడు, అమ్మ పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్మింది. ఖాకీ చొక్కా తిరిగి ఇచ్చేయమన్నారు. అమ్మ దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది. ఆ పట్టింపు ఎవరి కోసమో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాతి ఓడ వచ్చినప్పుడు నేను అమ్మతో జెట్టీ దాకా వెళ్లాను. ఖాకీ బట్టల్లో ఒక కొత్త మనిషి బుట్ట పట్టుకుని, చీటీ చూసుకుంటూ గేటు దాటి లోపలికి పోతున్నాడు. అమ్మ అతన్ని ఆపి, "ఏ బంగళా భయ్యా?" అని అడిగింది. అతను చెప్పాడు. అదే బంగళా. సాబ్ ఇంకా భుజానికి కట్టుతో ఇంట్లోనే ఉన్నాడు. గేటు మళ్లీ ఖాళీ. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.

నేను పెద్దదాన్నయ్యాక ఈ ఊరి దినపత్రికలో చేరాను. నా కోపంలో పెద్ద వాటా నాకే దక్కాలని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసరు ఇంట్లో చొరబాటు జరిగింది. మధ్యాహ్నానికి ప్రెస్ నోట్ వచ్చింది. భద్రతా వైఫల్యం, విధులకు గైర్హాజరైన గార్డు సస్పెన్షన్. నేను దాన్ని శుభ్రంగా నాలుగు వాక్యాలు చేసి ఇచ్చాను. మర్నాడు పేపరు ఇంటికి తెచ్చి నాన్నకు చదివి వినిపించాను, బిడ్డ రాసిన వార్త వింటే సంతోషిస్తాడని. ఆయన విన్నాడు.

"ఓలమ్మీ, ఆడు ఎక్కడికెల్లినాడో రాయలేదేటి?" అని అడిగాడు.

"ప్రెస్ నోట్‌లో లేదు నాన్నా."

"ఓహో" అన్నాడు.

ఆ తర్వాత అయినా నేను అడిగానా? ఒకసారి ఫోన్ చేసి అడిగాను. ఇచ్చింది రాయండి మేడమ్ అన్నారు. ఇచ్చిందే రాశాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి, నేను రాస్తూనే ఉన్నాను. ఒక గార్డు పిల్లల్ని ట్యూషన్‌కు తీసుకెళ్లాడు. ఒకడు కుక్కను డాక్టర్‌కు చూపించడానికి వెళ్లాడు. ఒకడు అత్తగారిని విమానం ఎక్కించడానికి వెళ్లాడు. ఇవన్నీ మా ఆఫీసు టీ కొట్టు దగ్గర అందరికీ తెలిసేవి. పేపర్లో మాత్రం గైర్హాజరు అనే ఒక్క మాటే వచ్చేది. ఎవడో చొరబడితే దెబ్బ తినేది ఆఫీసరు, ఉద్యోగం పోయేది గార్డుకు. గేటు దగ్గర నుంచి ఆ మనిషిని ఎవరు తీశారన్న ప్రశ్నను చంపిన చేతుల్లో నావీ రెండు ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఇళ్లకు కెమెరాలున్నాయి. భవాని కాపలా ఉన్న ఇంట్లో గేటుకు ఒకటి, వరండాకు ఒకటి, చివరికి కారు షెడ్డుకు కూడా. ఆ రోజు వచ్చినవాడు గేటు తీయడం, లోపలికి చూడడం, నడవడం, అంతా చక్కగా రికార్డయింది. తెర ముందు ఒక్క మనిషి లేడు. ఆ తెర చూడాల్సిందీ భవానీయే. మా నాన్న కాలంలో ఒక లాఠీ, ఒక మనిషి. ఇప్పుడు ఇన్ని యంత్రాలు, అదే ఒక్క మనిషి, ఆ మనిషినీ క్యూలో నిలబెట్టడానికి పంపేస్తున్నారు. తమ ప్రాణం మీదికి వచ్చినా ఈ అలవాటు మానలేని ఇళ్లకు ఎంతమందిని కాపలా పెడితే సరిపోతుంది?

మర్నాడు భవాని వచ్చింది. ఆమెకు మా నాన్న కథ చెప్పాను, అప్పారావుకు ఆయన చెప్పిన మాట కూడా దాచలేదు.

"నేను కూడా పాలవాడికి చెప్పాను అత్తా, రేపు నేనుండను, పాకెట్లు గేటు మీద పెట్టెయ్ అని. అది కూడా నా తప్పేనా?"

"కాదు."

"మరి మీ నాన్నది?"

"కాదు" అన్నాను. ఆ మాట నేను మా నాన్న బతికుండగా ఆయనతో అని ఉండాల్సింది.

టైపు చేసిన కాగితం మీద ఆమె సంతకం పెట్టలేదు. తెలుగు మాట్లాడుతుంది గాని రాయడం రాదు, ఇంగ్లీషు అంతకన్నా రాదు. తెల్ల కాగితం తీసుకుని హిందీలో తనే రాసింది. నేను దిద్దబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నువ్వు దిద్దితే నువ్వు రాసినట్టు ఉంటాదన్నది. మొదటి వాక్యంలోనే ఆ రోజు తనను వండూర్ ఎవరు పంపారో, ఏ పనికి పంపారో పేరుతో సహా ఉంది. మెసేజ్ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు చెరిపేశారో రెండో వాక్యం. ఇంతకుముందు ఎన్నిసార్లు ఎక్కడెక్కడికి పంపారో తర్వాత. జిరాక్సు తీయించి, ఇద్దరం కలిసి సర్కారు ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసర్ల ఇళ్లకు కంపెనీ గార్డుల్ని వేయించేదీ, పేపర్లకు ప్రెస్ నోట్లు ఇచ్చేదీ అక్కడి నుంచే.

కౌంటర్‌లో గుమాస్తా చదివి, తల పైకెత్తకుండానే అన్నాడు. "సూపర్‌వైజర్ ఇచ్చిన లెటర్ ఏది?"

"అది వాళ్లు రాసింది భయ్యా. ఇది నేను రాసింది."

"మేడమ్ పేరు ఎందుకు రాశావ్? కాట్ దో. పేరు తీసేసి తే, తీసుకుంటా."

"పేరు తీసేస్తే నేను నాకు నేనే వండూర్ పోయినట్టు అవుతాది."

"నౌకరీ పోతుంది చూడు. సోచ్ లో, ఆలోచించుకో."

"అది పోయిందే భయ్యా. ఇప్పుడు పోయేది నా పేరు."

అతను నా వైపు చూశాడు. నన్ను గుర్తుపట్టాడు. ఇన్నేళ్లలో అతని చేతి మీదుగా ఎన్ని ప్రెస్ నోట్లు తీసుకున్నానో మా ఇద్దరికీ తెలుసు. "దీదీ, మీరైనా చెప్పండి" అన్నాడు.

"ఆమె రాసింది తీసుకో" అన్నాను. "తీసుకోనంటే ఎందుకు తీసుకోవో రాసివ్వు."

లంచ్ తర్వాత రమ్మన్నాడు. భవాని కదల్లేదు. కౌంటర్ ముందు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, డ్యూటీలో నిలబడినట్టే నిలబడింది. వెనక మనుషులు పోగవడం మొదలైంది, ఎవరో ఏమైందని అడిగారు, ఆమె అందరికీ వినపడేలా చెప్పసాగింది. వండూర్ దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా సొరుగు తెరిచి స్టాంపు తీశాడు. కాగితం అందినట్టు జిరాక్సు మీద ఒకసారి కొట్టి ఇటు తోశాడు. భవాని కాగితం వెలుతురుకు పట్టుకుని చూసి, తిరిగి అతని ముందే పెట్టింది.

"తేదీ పడలేదు భయ్యా. మళ్లీ కొట్టు."

అతను ఇంకు డబ్బా తెరిచి, స్టాంపు దానికి రెండుసార్లు అద్ది, మళ్లీ కొట్టాడు.